టెయిల్‌వీల్ వణుకుతోంది, ఎడమకి సరిగా తిరగడం లేదు. చైన్లు ఇంకా బిగించాలా?

ప్లానో_సిటాబ్రియా రాసినది:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం కలిసి రెండేళ్ల కిందట ఒక 1973 సిటాబ్రియా 7ఈసీఏ అనే చిన్న విమానం కొన్నాం. లైకమింగ్ 115 గుర్రాల ఇంజను, తోక కింద స్కాట్ 3200 చక్రం (టెయిల్‌వీల్). టెక్సస్‌లో డెంటన్ ఎయిర్‌పోర్టులో ఉంచుతాం. నేను ఎగిరింది మొత్తం 190 గంటలు, అందులో టెయిల్‌వీల్ విమానం మీద 38. దాన్ని నడపడానికి కావాల్సిన ఎండార్స్‌మెంట్ కిందటేడు వచ్చింది. మాది ఖమ్మం, చిన్నప్పుడు విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప దగ్గరగా చూసింది లేదు. అందుకే దీన్ని చాలా అపురూపంగా చూసుకుంటాను.

ఇప్పుడు రెండు ఇబ్బందులు. మొదటిది వణుకు. దిగాక వేగం తగ్గుతూ 25, 30 మైళ్ల దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రం దడదడా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పెడల్స్ అరికాళ్ల కింద అదురుతాయి, వెనక సీట్లో పెట్టిన హెడ్‌సెట్ కిందపడిపోతుంది. నాలుగైదు సెకన్లే ఉంటుంది కానీ విమానం తోక ఊడిపోతుందేమో అన్నంత చప్పుడు. గడ్డి రన్‌వే మీద రాదు. కాంక్రీటు మీదే వస్తుంది. నేనొక్కణ్నే ఉంటే తక్కువ, వెనక సీట్లో ఎవరైనా ఉంటే ఎక్కువ.

రెండోది ఎడమ వైపు స్టీరింగ్. టాక్సీ చేస్తూ ఎడమ పెడల్ తొక్కితే ముందు ఏమీ జరగదు. ఇంకొంచెం తొక్కితే ‘ఠక్’మని చక్రం విడిపోయి దాని ఇష్టానికి తిరుగుతుంది. కుడివైపు ఈ బాధ లేదు.

పోయిన ఆదివారం నిజంగా భయపడ్డాను. రన్‌వే 18, గాలి 210 డిగ్రీల నుంచి, అంటే కుడి ముందు వైపు నుంచి, 14 నాట్లు. దిగడం బాగానే దిగాను. వేగం తగ్గి రడ్డర్‌కి (పెడల్స్‌తో పక్కలకి తిరిగే తోక పలకకి) గాలి పట్టు తగ్గేసరికి ముక్కు కుడికి, గాలి వైపుకి తిరగడం మొదలైంది. ఎడమ పెడల్ చివరిదాకా తొక్కాను. చక్రం విడిపోయింది. ఎడమ బ్రేకు కొట్టి ఆపేసరికి కుడివైపు రన్‌వే లైటుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. వెనక మా ఆవిడ ఉంది. హ్యాంగర్‌కి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మార్చిలో ఏన్యువల్ (ఏటా చేయించే తనిఖీ) చేసిన షాపువాళ్లకి వణుకు గురించి చెప్తే, రడ్డర్‌ని వెనక చక్రానికి కలిపే చైన్లకి రెండు వైపులా ఒక్కో లింకు తీసేసి బిగించారు. ఒక నెల తగ్గింది, మళ్లీ మొదలైంది. భాగస్వాముల్లో ఒకాయన ఇంకో లింకు తీద్దాం అంటున్నాడు. ఇంకొకాయన చక్రం మొత్తం కొత్తది వేయిద్దాం అంటున్నాడు. ఏది ముందు చూడాలో తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, అది తేలేదాకా విమానం బయటికి తీయను.


గాలిపటం_ఫీనిక్స్ రాసినది:

బ్రదర్, నా సెస్నా 140కి కూడా ఇలాగే వచ్చింది. ఒక లింకు తీసి బిగించాం, పోయింది. మీరు కూడా ఇంకొక్క లింకు తీసి చూడండి. పెద్ద టెన్షన్ పడాల్సింది ఏం లేదనుకుంటా.


విచిటా_మెకానిక్ రాసినది:

తమ్ముడూ, ముందుగా మీరిద్దరూ క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఇంకో లింకు తీయకండి. ఫీనిక్స్ తమ్ముడికి అది పనిచేసి ఉండొచ్చు, కాదనను. మీరు రాసిన గుర్తులు మాత్రం వేరే చోటుని చూపిస్తున్నాయి.

నేను కాన్సస్‌లో 19 ఏళ్లుగా ఏ అండ్ పీ, అంటే లైసెన్సున్న విమానాల మెకానిక్‌ని. అంతకుముందు బెజవాడ ఆటోనగర్లో మా నాన్న కమాన్ కట్టల షెడ్డులో పెరిగాను. లారీ కమాన్ పట్టీ బరువుకి వంపు పోయి చదునైపోతే ఎలా ఉంటుందో మా నాన్న నాకు పదేళ్లప్పుడే చూపించాడు. లారీ పక్కన నేల మీద కూర్చోబెట్టి, “పైనుంచి చూడకమ్మా, పక్కనుంచి చూడు” అనేవాడు. మీ విమానం తోకకి ఉన్నదీ అలాంటి కమానే, కాకపోతే చిన్నది. మీ వణుకు ఎక్కువగా అక్కడే పుడుతోందని నా అనుమానం.

ఎందుకంటే మీరే చెప్పారు, వెనక మనిషి ఉంటే వణుకు ఎక్కువ అని. మీ పోస్టు మొత్తంలో ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. వెనక బరువు పడితే చైను మారదు, చక్రం మారదు. కమాను వంపు మారుతుంది.

టెయిల్‌వీల్ ఒక నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. సూపర్‌మార్కెట్ బండి ముందు చక్రం లాగానే. విమానాన్ని పక్కనుంచి చూస్తే, నేల మీద బరువు పడ్డప్పుడు ఆ ఇరుసు నిటారుగా ఉండాలి, లేదా దాని పైకొస వెనక్కి, అంటే తోక చివరి వైపుకి, కొద్దిగా వాలి ఉండాలి. అప్పుడు ఇరుసు గీతని నేలదాకా పొడిగిస్తే అది టైరు నేలని తాకే చోటుకి బాగా ముందు పడుతుంది. చక్రం దాని వెనక బుద్ధిగా ఈడ్చుకుంటూ వస్తుంది. కమాను పాతబడి చదునైతే దాని వెనక కొస పైకి లేస్తుంది, దానికి బిగించిన చక్రం తల మొత్తం ముందుకి ఒరుగుతుంది. ఇరుసు పైకొస ముక్కు వైపుకి వాలుతుంది. అప్పుడు చక్రానికి నేరుగా నడవడం కంటే పక్కకి పడిపోవడం సులువవుతుంది. ఒక పక్కకి పడుతుంది, స్ప్రింగు లాగుతుంది, రెండో పక్కకి పడుతుంది. మీ కాళ్ల కింద కొట్టుకునేది అదే. గడ్డి మీద ఎందుకు రాదంటే అక్కడ టైరు పక్కకి జారుతుంది, మట్టి ఆ ఊపుని మింగేస్తుంది.

చైను బిగిస్తే ఈ వణుకు కొన్నాళ్లు అణుగుతుంది, నిజమే. చక్రాన్ని రెండు వైపులా గట్టిగా పట్టి ఉంచినట్టు అవుతుంది కాబట్టి. కానీ ఆ లాగుడంతా ఇప్పుడు చక్రం తలకున్న స్టీరింగ్ చేతుల మీద, రడ్డర్ హార్న్ (రడ్డర్‌కి చైను తగిలించే చేయి) మీద, రడ్డర్ కీళ్ల మీద రోజంతా ఉంటుంది, విమానం హ్యాంగర్లో నిద్రపోతున్నప్పుడు కూడా. ఇంకో నష్టం ఉంది, అది నాకు ఇంకా ముఖ్యం. పక్కగాలిలో దిగేటప్పుడు మీరు రడ్డర్ ఒక వైపు తొక్కి పట్టి దిగుతారు కదా. చైన్లు బిగుసుకుని ఉంటే వెనక చక్రం కూడా అంతే కోణంలో తిరిగి ఉండి, అలాగే నేలని తాకుతుంది. తాకగానే తోకని పక్కకి గుంజుతుంది. మధ్యలో స్ప్రింగులు పెట్టింది ఆ గుంజుడుని మెత్తగా తీసుకోవడానికే. చైను బిగించి బిగించి స్ప్రింగుని ముందే సాగదీసి ఉంచితే అది ఇంకేం మెత్తగా ఉంటుంది?

మీ ఎడమ వైపు సంగతి దీనికి వేరు అనుకుంటున్నాను. చక్రం తల లోపల ఒక చిన్న ఉక్కు ముక్క ఉంటుంది, పాల్ అంటాం. వెనక చిన్న స్ప్రింగు దాన్ని ఒక గాడిలోకి నెట్టి ఉంచుతుంది. అది గాడిలో ఉన్నంతసేపు చక్రం పెడల్ మాట వింటుంది. బాగా పక్కకి తిప్పితే గాడిలోంచి బయటికొచ్చి చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, హ్యాంగర్లోకి తోసేటప్పుడు మనకి కావాల్సింది అదే. పాల్ అంచు ఒక వైపు అరిగి గుండ్రంగా అయితే ఆ వైపు లాగినప్పుడు ముందే జారిపోతుంది. లోపల గ్రీజు ఎండి మట్టి పేరుకుని పాల్ పూర్తిగా గాడిలో కూర్చోకపోయినా అంతే. ఏన్యువల్‌లో తీసిన లింకు వల్ల రెండు వైపులా సమానంగా లేకపోతే అదీ తోడవుతుంది.

ఇప్పుడు నాకోసం రెండు పనులు చేయండి, విప్పే పని ఏదీ లేదు. సమానమైన నేల మీద విమానాన్ని నిలబెట్టండి. ఒక దారానికి నట్టు కట్టి స్టెబిలైజర్ (తోక దగ్గర అడ్డంగా ఉండే చిన్న రెక్క) నుంచి చక్రం పక్కనే వేలాడదీయండి. ఫోన్ని చక్రం ఎత్తులోనే, సరిగ్గా పక్కనుంచి పట్టుకుని ఫొటో తీయండి. తర్వాత ట్యాంకులు నింపి, వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, తోకని ఒకసారి చేత్తో కిందికి నొక్కి వదిలి, అదే చోటు నుంచి మళ్లీ తీయండి. దారం గీతకీ ఇరుసు గీతకీ తేడా ఎంతో చెప్పండి.

రెండో పని. ఇంజను పొరపాటున అంటుకోకుండా మాగ్నెటో స్విచ్ ఆఫ్, ఇంధనం మిక్చర్ మూసి, ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డుచెక్కలు. ఇద్దరు మనుషులు తోకని కమాను బిగించే చోట పట్టుకుని ఎత్తి మెత్తటి స్టాండు మీద పెట్టండి. స్టెబిలైజర్‌ని పట్టుకుని ఎత్తొద్దు, దాని కమ్మీలని అసలే ముట్టుకోవద్దు. లోపల ఒకరు పెడల్స్ రెండూ సమానంగా పట్టుకుని ఉంటే మీరు చక్రాన్ని చేత్తో మెల్లగా ఎడమకి, తర్వాత కుడికి తిప్పండి. ఎక్కడ విడిపోతోందో రెండు వైపులా నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి.

అప్పుడే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, బేరింగ్ ఆట, అంటే వదులు, తెలుస్తుంది. అదే చేత్తో కమాను పట్టీల అంచుల మీద, బోల్టుల దగ్గర పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. కమాను ముందుకొసని పట్టి ఉంచే బోల్టు విరిగితే తోక చక్రం మొత్తం పోతుంది, అది నేను కళ్లారా చూశాను.


ప్లానో_సిటాబ్రియా రాసినది:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. శనివారం ముగ్గురం కలిసి మీరు చెప్పినట్టే చేశాం.

విమానం ఖాళీగా ఉన్నప్పుడు ఇరుసు పైకొస వెనక్కి 1 డిగ్రీ వాలి ఉంది. ట్యాంకులు నింపి, మాలో బరువైన భాగస్వామిని వెనక కూర్చోబెట్టాక తీసిన ఫొటోలో ముందుకి 4 డిగ్రీలు వాలింది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. రెండేళ్లుగా ఆ చక్రం పక్కన వందసార్లు నడిచాను, ఒక్కసారి కూడా పక్కనుంచి వంగి చూడలేదు.

సుద్ద గుర్తుల సంగతి: కుడివైపు విడిపోయే చోటుతో పోలిస్తే ఎడమవైపు దాదాపు సగంలోనే విడిపోతోంది. పైగా పెడల్స్ సమానంగా ఉన్నప్పుడు చక్రం నేరుగా లేదు, కొంచెం కుడికి చూస్తోంది. కుడి చైను వీణ తీగలా ఉంది, ఎడమది వదులుగా ఉంది. బేరింగ్ ఆట లేదు. పగుళ్లు ఏవీ కనపడలేదు.

రెండు స్ప్రింగులూ ఒకలా లేవు, ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంది. ఎవరో తప్పు స్ప్రింగు వేశారా?

ఇంకో సందేహం. ఇందులో మేం స్వయంగా ఏం చేసుకోవచ్చు, ఏది మెకానిక్ చేయాలి?


విచిటా_మెకానిక్ రాసినది:

చాలా శ్రద్ధగా చూశారు తమ్ముడూ. మీ కొలతలతో సగం పని అయిపోయింది.

స్ప్రింగులు ముట్టుకోవద్దు. కొన్ని సెట్లు అలాగే వస్తాయి, ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. రెండూ ఒకే గట్టిదనంతో ఉంటే ఒకే తాళంలో ఊగి వణుకుని పెంచుతాయి, వేరువేరుగా ఉంటే ఒకదాని ఊపుని ఇంకొకటి చెడగొడుతుంది. మీ విమానానికి ఏ సెట్టు ఉండాలో పార్ట్స్ క్యాటలాగులో నంబరు చూసి నిర్ధారించుకోండి. ఒకటి సాగిపోయిందని అనుకుని ఆ ఒక్కటే మార్చేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి.

కమాను మార్చాలి. ముందుకి 4 డిగ్రీలు అంటే చాలా ఎక్కువ. కొందరు కమానుకీ చక్రానికీ మధ్య ఏటవాలు ముక్క పెట్టి కోణం సరిచేస్తారు. నాకు అది ఇష్టం లేదు. చదునైన పట్టీ ఇంకా చదునవుతూనే ఉంటుంది. ఆటోనగర్లో మా నాన్న పట్టీలని సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెచ్చేవాడు. లారీకి ఒక పక్క రెండు పట్టీలు విరిగినా మిగిలినవి మోస్తాయి. మీ తోకకి ఉన్నవి రెండు మూడు పట్టీలే, వాటికి ఆ అవకాశం లేదు. పాత దాన్ని బయట ఎక్కడో వంచి తెప్పించొద్దు. మీ మోడల్‌కి ఆమోదం ఉన్న కొత్త పట్టీలు, వాటితోపాటు కొత్త బోల్టులు, నట్లు వేయించండి.

చక్రం తల విప్పి శుభ్రం చేయిస్తే పాల్ బయటపడుతుంది. దాన్ని వెలుతురులో పట్టుకుని అంచులు చూడండి. రెండు మూలలూ పదునుగా ఉండాలి. స్టీరింగ్ చేతికి ఉన్న గాడి అంచులు కూడా అలాగే. పాల్ ఒక్కటే కొత్తది వేసి అరిగిన గాడిని వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. ఆ చిన్న స్ప్రింగు కూడా మార్చేయండి, దాని ఖరీదు ఎంతని. తల లోపల పళ్లేలు, స్ప్రింగులు ఉంటాయి, అవి చక్రం మరీ తేలిగ్గా ఊగకుండా పట్టు ఇస్తాయి. అరిగితే వణుకుకి అవీ తోడవుతాయి.

చైన్లకి ఆఖర్న రండి. కొత్త కమాను వేశాక, విమానం బరువు చక్రం మీద ఉండగా, రడ్డర్‌ని నేరుగా పట్టి ఉంచి, చక్రం నేరుగా పెట్టి అప్పుడు లింకులు లెక్క చూడండి. నేను చూసేది ఇది: చైనుని వేలితో పక్కకి నెడితే కొద్దిగా కదలాలి, చేయి తీస్తే వేలాడకూడదు. స్ప్రింగు చుట్లు సాగి ఉండకూడదు. రెండు వైపులా ఒకేలా ఉండాలి. తర్వాత తోక ఎత్తి మళ్లీ చూడండి, ఎందుకంటే బరువు పోగానే కమాను కిందికి దిగి చైన్ల పొడవు లెక్క మారుతుంది. గాల్లో ఉన్నప్పుడు చైన్లు బిగుసుకుని రడ్డర్‌ని ఒక పక్కకి లాగకూడదు. రడ్డర్ రెండు చివరలకీ పూర్తిగా వెళ్తోందో లేదో కూడా అప్పుడే చూడండి. మీ విమానం మాన్యువల్లో, చక్రం తయారీదారు కాగితంలో ఏం ఉందో దానికే మొదటి మాట, నా మాట ఆ తర్వాత.

ఎవరు ఏం చేయొచ్చు అంటే, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) నిబంధనల్లో పార్ట్ 43 అపెండిక్స్ ఏ చివర్లో పైలట్ యజమానులు చేసుకోదగ్గ పనుల జాబితా ఉంది. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంటే చాలు. టైరు తీసి వేయడం, చక్రం బేరింగులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం, ఏమీ విప్పనవసరం లేని చోట్ల గ్రీజు కొట్టడం, నట్లు ఊడకుండా పట్టి ఉంచే కాటర్ పిన్నులు, సేఫ్టీ వైరు పాడైతే మార్చడం, ఇవన్నీ మీరే చేసి లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టొచ్చు. కమాను మార్పు, పాల్ మార్పు, చైన్ల సర్దుబాటు ఆ జాబితాలో లేవు. మీ మెకానిక్ పక్కన ఉండి చూస్తూ మీ చేత చేయించుకుంటే నేర్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు, సంతకం మాత్రం ఆయనది.

అప్పటిదాకా ఎప్పుడైనా వణుకు మొదలైతే, పెడల్స్‌తో దానితో పోట్లాడకండి. స్టిక్ (చేత్తో పట్టే కంట్రోలు) పూర్తిగా వెనక్కి లాగి ఉంచితే తోక మీద బరువు పెరిగి కమాను ఇంకా చదునవుతుంది. గాలి నేరుగా ఉన్న రోజైతే స్టిక్‌ని కొద్దిగా వదులు చేసి, బ్రేకులు మెత్తగా వేసి వేగం తగ్గించండి. పక్కగాలి ఉన్న రోజు ఆ సడలింపు వద్దు, అప్పుడు మీకు స్టీరింగే ముఖ్యం. అసలు ఎగరనని చెప్పారు కదా, అదే సరైన పని.


పాత_ఏఎంఈ_సికింద్రాబాద్ రాసినది:

బాబూ, అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నేను ఏఎంఈగా, అంటే విమానాల మెయింటెనెన్సు ఇంజనీరుగా, రిటైరై 16 ఏళ్లయింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో పుష్పక్ విమానాల మీద చాలా ఏళ్లు పనిచేశాను. మీ పోస్టు చూశాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మీ సిటాబ్రియాకీ మా పుష్పక్‌కీ పుట్టిల్లు ఒకటే. హెచ్‌ఏఎల్ పుష్పక్ మొదటిసారి ఎగిరింది 1958లో, దాని పోలిక ఏరోంకా చీఫ్. మీది ఏరోంకా చాంప్ వంశం. ఆ చాంప్‌ని 1954లో చాంపియన్ కంపెనీ కొనుక్కుంది, వాళ్లే తర్వాత సిటాబ్రియా చేశారు. గుడ్డ కప్పిన రెక్కలు, ఇనుప గొట్టాల చట్రం, తోక చక్రం. పుష్పక్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, మీ దాంట్లో ముందూ వెనకా. పుష్పక్‌కి కాంటినెంటల్ సి90, 90 గుర్రాలు.

నాది ఒక్క మాటే. చైనుకీ స్ప్రింగుకీ మధ్య, స్ప్రింగుకీ రడ్డర్ హార్న్‌కీ మధ్య ఉండే కొక్కేలని చూడండి. అందరూ చైన్ లింకులు చూస్తారు, కొక్కేలు చూడరు. ఎక్కడ లోహం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తుందో అక్కడ అరుగుతోందని అర్థం. ఒకసారి ఒక పుష్పక్ కొక్కేన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తే, వంపు లోపలి వైపు సగానికి పైగా తినేసి ఉంది, బయటినుంచి మాత్రం పూర్తిగా ఉన్నట్టే కనపడింది. తిప్పి చూస్తే తప్ప తెలియదు. హార్న్‌కి ఉన్న చిల్లు కూడా చూడండి, గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డులా సాగి ఉంటే లింకులు ఎంత సర్దినా ఆట పోదు.

ఇంకొకటి, మా ఎయిర్‌ఫీల్డులో గడ్డి ఎక్కువ. ఎండిన గడ్డి పోచలు ఇరుసుకి చుట్టుకుని బేరింగ్ సీలు కిందికి దూరి గ్రీజుని తాగేసేవి. మీరు గడ్డి రన్‌వే మీద కూడా దిగుతానన్నారు. దిగిన ప్రతిసారీ చేత్తో తీసేయండి. ఒక నిమిషం పని.


ప్లానో_సిటాబ్రియా రాసినది:

నమస్కారం అందరికీ. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. పట్టీలు రావడానికే మూడు వారాలు పట్టింది.

మా ఎయిర్‌పోర్టులోనే ఉండే ఒక మెకానిక్ గారు పక్కన నిలబడి మా చేతే చాలావరకు చేయించారు. పాత కమానుని, కొత్త కమానుని నేల మీద పక్కపక్కన పడుకోబెడితే ఏ వివరణా అక్కర్లేకపోయింది. కొత్తది విల్లులా ఉంది, పాతది స్కేలులా ఉంది.

పాల్ తీసి చూశాం. ఎడమ అంచు సబ్బు ముక్కలా గుండ్రంగా అరిగిపోయి ఉంది, కుడి అంచు గోరుకి గుచ్చుకునేంత పదునుగా ఉంది. గాడి కూడా ఎడమవైపు వాలిపోయింది, అందుకని చేయి, పాల్, స్ప్రింగు మూడూ కొత్తవి వేశాం. లోపల ఉన్నది గ్రీజు అని చెప్పలేను. నల్లటి తారు, అందులో ఇసుక.

బాబాయ్ గారూ, మీరు చెప్పిన కొక్కేలు తిప్పి చూశాం. కుడి వైపుది, హార్న్ దగ్గరది, లోపలి వంపు మూడో వంతు పోయి ఉంది. బయటికి పూర్తిగానే కనపడింది, సరిగ్గా మీరు చెప్పినట్టే. బిగుసుకుని ఉన్న చైను ఆ వైపుదే. ఫొటో మా ముగ్గురి ఫోన్లలోనూ ఉంది. చిల్లు గుండ్రంగానే ఉంది.

చైన్లకి ఆఖర్న వచ్చాం. మార్చిలో తీసేసిన లింకు రెండు వైపులా మళ్లీ పెట్టాల్సి వచ్చింది, ఎడమవైపు ఇంకో అర లింకంత సర్దాం. ఇప్పుడు ట్యాంకులు నిండా ఉండి వెనక మనిషి కూర్చున్నా ఇరుసు పైకొస వెనక్కి 2 డిగ్రీలు వాలి ఉంది. సుద్ద గుర్తులు రెండు వైపులా అరంగుళం తేడాలో పడ్డాయి.

పోయిన శనివారం మా ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి తొమ్మిది ల్యాండింగులు చేశాను, మూడు గడ్డి మీద, ఆరు కాంక్రీటు మీద. ఆయన వెనక సీట్లోనే. వణుకు ఒక్కసారి కూడా రాలేదు. ఆరో ల్యాండింగుకి గాలి కుడినుంచి 8 నాట్లు ఉంది, ఎడమ పెడల్ సగం తొక్కితే ముక్కు మెల్లగా ఎడమకి వచ్చి అక్కడే నిలబడింది. ఆయన ఏమీ అనలేదు కానీ తర్వాతి రౌండు నన్ను ఒంటరిగా వెళ్లమన్నారు.

అక్కా, ఒక్క సందేహం మిగిలింది. కొత్త పట్టీలు కూర్చుకున్నాక బోల్టులు మళ్లీ చూడాలా?


విచిటా_మెకానిక్ రాసినది:

తప్పకుండా చూడాలి తమ్ముడూ. పది పదిహేను ల్యాండింగులు అయ్యాక మీ మెకానిక్‌ గారిని పిలిచి టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడమనండి. పట్టీల మధ్య పెయింటు, దుమ్ము నలిగి కొద్దిగా వదులవుతాయి. అప్పుడే దారం కట్టి ఇంకో ఫొటో కూడా తీసి దాచుకోండి, వచ్చే ఏన్యువల్‌కి పక్కన పెట్టి చూసుకోవచ్చు.

మా నాన్నకి మీ రెండు కమాన్ల ఫొటో పంపాను. ఆయనకి ఇప్పుడు 78. పెద్దది చేసి చూసి, పాత పట్టీ ఎన్నాళ్లు మోసిందని అడిగాడు. వేసిన తేదీ మీ లాగ్‌బుక్‌లో ఉంటే చెప్పండి, ఆయనకి చెప్తాను.


ప్లానో_సిటాబ్రియా రాసినది:

లాగ్‌బుక్కులు మొదటినుంచీ వెతికాను అక్కా. కమాను మార్చినట్టు ఎక్కడా లేదు. 1973లో ఫ్యాక్టరీలో వేసిందే అయి ఉంటుందని నాన్నగారికి చెప్పండి.